ఇంటి బీరు పీపాకు గ్యాస్ ఎప్పుడు, ఎంత, ఎలా?

బ్రిటన్‌లో ఇంట్లో బీరు తయారు చేసుకునేవారు సీసాలు కడిగి కడిగి విసిగిపోయాక ప్రెజర్ బ్యారెల్, అంటే ఒత్తిడిని నిలుపుకునే ప్లాస్టిక్ పీపా, కొంటారు. 23 లీటర్ల బీరు నింపాలంటే అర లీటరు సీసాలు 46 కావాలి. అన్నీ కడగాలి, శానిటైజర్‌లో ముంచాలి, ఒక్కోదానిలో చక్కెర కొలిచి వేయాలి, మూతలు బిగించాలి. పీపా ఉంటే ఈ చాకిరీ అంతా ఒక్క పాత్రతో తీరిపోతుంది. ట్యాపు తిప్పితే గ్లాసులోకి బీరు వస్తుంది.

అయితే పీపా మూత మీదున్న ఇత్తడి వాల్వునూ, దానికి తగిలించే చిన్న గ్యాస్ బల్బులనూ చూసి చాలామంది బీరులో బుడగలు వాటి నుంచే వస్తాయనుకుంటారు. బుడగలు తెచ్చేది పీపాలో పులిసే చక్కెర. గ్యాస్ చేసే పని వేరు: బీరును బయటికి తోయడం, లోపలికి గాలి రాకుండా చూడడం. ఈ తేడా తెలియకపోతే బల్బుల మీద బల్బులు ఖర్చవుతాయి, బీరు మాత్రం చప్పగానే ఉంటుంది.

చట్టం సంగతి ముందే చెప్పాలి. బ్రిటన్‌లో 1963 నుంచి సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మడం మాత్రం కుదరదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి ఇది బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారి కోసం రాస్తున్నది. దీన్ని చదివి ఊళ్లో ఉన్న తమ్ముడికి పీపా పంపాలని మాత్రం అనుకోకండి.

పీపా, వాల్వు, బల్బులు

మామూలుగా దొరికే పీపా 5 గ్యాలన్లది, అంటే 40 పింట్లు పడుతుంది. బ్రిటిష్ పింటు 568 మిల్లీలీటర్లు కనుక లీటర్లలో దాదాపు 23. దాని మీద మరో రెండు లీటర్ల దాకా ఖాళీ ఉంటుంది. మూతల్లో 2 అంగుళాలవీ, 4 అంగుళాలవీ ఉన్నాయి. ధర కాస్త ఎక్కువైనా 4 అంగుళాలదే తీసుకోండి. చెయ్యి లోపలికి పోతుంది కనుక కడగడం తేలిక. ట్యాపు కొన్నిటికి అడుగున ఉంటుంది, కొన్నిటికి పైభాగాన ఉంటుంది. పైన ట్యాపు ఉన్నవాటిలో ఒక మెత్తటి గొట్టం, దాని చివర తేలే బిరడా ఉంటాయి. బీరు పైపొర నుంచి ముందు తేటపడుతుంది కాబట్టి ఈ ఏర్పాటుతో తేటబీరు త్వరగా అందుతుంది. అయితే ఇందులో బీరు పైకి ఎక్కి రావాలి కనుక ఒత్తిడి తగ్గిన క్షణమే ధార ఆగిపోతుంది. అడుగు ట్యాపుకు ఆ ఇబ్బంది లేదు. మొదటి పీపాగా నేనైతే అడుగు ట్యాపుదే కొనమంటాను.

మూత మధ్యలో ఉండే వాల్వును ఒకసారి విప్పి చేతిలోకి తీసుకుని చూడండి. పైభాగాన బల్బును పొడిచే సూది ఉంటుంది. కింద ఇత్తడి కాడకు పక్కగా సన్నని రంధ్రం, దాన్ని కప్పుతూ బిగుతుగా ఒక రబ్బరు పట్టీ ఉంటాయి. బల్బులోని గ్యాస్ ఆ పట్టీని లేపుకుని పీపాలోకి పోతుంది. తర్వాత లోపలి ఒత్తిడే పట్టీని రంధ్రానికి అదిమి దారి మూసేస్తుంది. గోలీసోడాలో గ్యాస్ గోలీని మెడలోని రబ్బరు రింగుకు అదిమిపట్టి సీసాను మూసినట్టే ఇదీను. ఆ గోలీసోడా సీసా కూడా ఇంగ్లండులో పుట్టిందే, 1870ల్లో హైరమ్ కాడ్ అనే ఆయన చేసింది. ఒత్తిడి మితిమీరినప్పుడు గ్యాస్‌ను బయటికి వదిలే భద్రతా ద్వారం కూడా ఇదే వాల్వులో ఉంటుంది. ఎక్కువ రకాల్లో అదీ ఒక రబ్బరు పట్టీయే. ఈ ప్లాస్టిక్ పీపాలు సుమారు 10 నుంచి 12 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి వరకే సుఖంగా పనిచేస్తాయి. ఆ పట్టీ ఎండిపోయి పగుళ్లు తేలినా, సాగిపోయినా పీపా గ్యాస్‌ను నిలుపుకోదు, లేదా వదలాల్సినప్పుడు వదలదు. కొత్త పట్టీలు చాలా చవక. అనుమానం వస్తే మార్చేయండి.

ఇక బల్బులు. వేలెడంత ఉండే ఉక్కు బుడ్డీలో 8 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ద్రవరూపంలో ఉంటుంది. సోడా సైఫన్‌లకు వాడేవీ ఇవే కనుక వంటసామాను దుకాణాల్లోనూ దొరుకుతాయి. కొనేటప్పుడు పెట్టె మీద ఏం రాసి ఉందో కచ్చితంగా చదవండి. క్రీము చిలికే పరికరాలకు వాడే బల్బులు కూడా అచ్చం ఇలాగే, ఇదే సైజులో ఉంటాయి, కానీ వాటిలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. అది బీరుకు పనికిరాదు. పైగా 2023 నవంబరు నుంచి బ్రిటన్‌లో అది నియంత్రిత మాదకద్రవ్యాల జాబితాలో ఉంది. ఎయిర్‌గన్‌లకు వాడే 12 గ్రాముల బల్బులు కూడా వద్దు. వాటిలో ఉన్నది కార్బన్ డయాక్సైడే అయినా నూనె కలిసి ఉండవచ్చు, ఆహారానికి వాడే నాణ్యత ఉండదు.

బీరు పోయకముందే లీకు పట్టుకోండి

ఈ పని చేయకుండా నేరుగా బీరు నింపేవారే ఎక్కువ. మూడు వారాల తర్వాత చప్పటి బీరు తాగేదీ వాళ్లే.

పీపాలో రెండు మూడు లీటర్ల చల్లని నీళ్లు పోయండి. మూత లోపలి వాషర్‌కు, వాల్వు వాషర్‌కు, ట్యాపు వాషర్‌కు ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. చాలామంది వాసెలిన్ రాస్తారు, పని జరుగుతుంది కానీ కాలం గడిచేకొద్దీ అది సహజ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ట్యాపు వెనక నట్టును లోపలి నుంచి బిగించండి. నిండిన పీపాలో చెయ్యిపెట్టి బిగించడం కుదరదు కనుక ఇప్పుడే చూసుకోవాలి. మూతను చేత్తో ఎంత బిగుస్తుందో అంతే బిగించండి. పానా పెట్టి తిప్పితే వాషర్ నలిగి మెలికపడుతుంది. అక్కడి నుంచే గ్యాస్ కారుతుంది.

ఇప్పుడు ఒక బల్బు ఎక్కించండి. లోపల 20 లీటర్లకు పైగా ఖాళీ ఉంది కనుక ఒత్తిడి సుమారు 3 పీఎస్ఐ మాత్రమే పెరుగుతుంది, పరీక్షకు అది చాలు. పీపాను తలకిందులుగా బకెట్టు మీద పెట్టి మూత అంచున నీటి చుక్క ఊరుతోందేమో చూడండి. తిరిగి నిలబెట్టి, గిన్నెలు తోమే సబ్బునీళ్లను వాల్వు చుట్టూ, మూత మరలకూ, ట్యాపు మొదట్లోనూ పూయండి. బుడగ లేస్తే అక్కడే లీకు. ఏమీ కనబడకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున ట్యాపు తిప్పండి. నీళ్లు జోరుగా చిమ్మితే పీపా సిద్ధమైనట్టే. బల్బు ఒకటి వృథా అయిందని బాధపడకండి, దాని ధర కన్నా 40 పింట్ల బీరు ఎక్కువే కదా.

నింపడం, చక్కెర వేయడం

బీరు పులియడం పూర్తిగా ఆగిపోవాలి. బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌లో వరుసగా రెండు రోజులు ఒకే అంకె చూపితే ఆగినట్టు. బిట్టర్ అనే మామూలు బ్రిటిష్ బీరుకు అది 1.010 దరిదాపుల్లో ఉంటుంది. ఆ అంకె ఇంకా దిగుతూ ఉన్న బీరును పీపాలో పోసి మూత బిగిస్తే మీరు వేసిన చక్కెరకు తోడు ఈ మిగులు చక్కెర కూడా పులిసి ఒత్తిడిని లెక్క దాటిస్తుంది.

పీపాను ముందే దాని స్థానంలో పెట్టండి. నిండాక దాని బరువు పాతిక కిలోలు దాటుతుంది, పైగా కదిపితే అడుగున పేరుకున్న మడ్డి లేచిపోతుంది. ట్యాపు కింద గ్లాసు పట్టేలా బల్ల అంచున ఉంచండి. వినడానికి చిన్న విషయమే కానీ, బీరు పోశాక గ్లాసు పట్టడం లేదని గ్రహిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

80 గ్రాముల మామూలు చక్కెరను గ్లాసుడు నీళ్లలో మరిగించి చల్లార్చి, శానిటైజ్ చేసిన పీపా అడుగున పోయండి. దాని మీదికి సైఫన్ గొట్టంతో బీరు దింపండి. గొట్టం చివర బీరులో మునిగే ఉండాలి, పైనుంచి చిలకరించకూడదు. గాలి కలిస్తే బీరుకు కొద్ది వారాల్లోనే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. ఈస్టు మడ్డిని పాత పాత్రలోనే వదిలేయండి. పైన రెండు లీటర్ల ఖాళీ చాలు, అంతకన్నా ఎక్కువ వద్దు. ఆ ఖాళీలో ఉన్న కాస్త ఆక్సిజన్‌లో కొంత, చక్కెర పులిసే సమయంలో ఈస్టే వాడుకుంటుంది. కాబట్టి ఈ దశలో గ్యాస్ ఎక్కించాల్సిన అవసరం లేదు.

సీసాల్లో నింపేవారు ఇంతే బీరుకు 120 నుంచి 160 గ్రాముల దాకా చక్కెర వేస్తారు. అదే కొలత పీపాకు వేస్తే పీపా తట్టుకోదు. 80 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో అప్పటికే తన ఘనపరిమాణంలో 0.85 వంతు గ్యాస్ కరిగి ఉంటుంది. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు మరో వంతు, అంటే బీరు ఘనపరిమాణమంత గ్యాస్, చేరుతుంది. 23 లీటర్లకు 80 గ్రాములంటే లీటరుకు 3.5 గ్రాములు, అంటే ఇంకో 0.85 వంతు. మొత్తం 1.7 వంతులు. బిట్టర్, మైల్డ్, పోర్టర్ లాంటి బ్రిటిష్ బీర్లకు ఈ మోతాదు చక్కగా సరిపోతుంది. 12 డిగ్రీల చలిలో ఇంత గ్యాస్ ఉన్న బీరు పీపా గోడల మీద చూపే ఒత్తిడి 9 పీఎస్ఐ. అదే బీరు 20 డిగ్రీల గదిలో ఉంటే 15 పీఎస్ఐ. జూలైలో గ్యారేజీలో పెట్టిన పీపా బుసలు కొట్టడానికి కారణం ఇదే. చలవ తగ్గితే బీరు తనలోని గ్యాస్‌ను వదిలేస్తుంది, వాల్వు దాన్ని బయటికి పంపేస్తుంది.

మూత బిగించాక వారం రోజులు 18 నుంచి 20 డిగ్రీల గదిలో ఉంచండి. ఈ వారంలో వాల్వు సన్నగా బుసకొట్టినా కంగారు పడనక్కర్లేదు, అది దాని పని అది చేస్తోంది. తర్వాత 12, 13 డిగ్రీలుండే చోటికి మార్చండి. చలికాలమైతే గ్యారేజీ చాలు. అక్కడ రెండు వారాలు కదపకుండా ఉంచితే బీరు తేరుకుంటుంది.

మొదటి పింట్లకు గ్యాస్ ముట్టుకోకండి

నిండు పీపాకు బల్బు ఎక్కిస్తే ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. బల్బులోని 8 గ్రాములు బయటికి వస్తే మామూలు ఒత్తిడిలో నాలుగు లీటర్లకు కాస్త పైచిలుకు గ్యాస్ అవుతుంది. నిండు పీపాలో ఉన్న ఖాళీ రెండు లీటర్లే. రెండు లీటర్ల చోటులోకి నాలుగు లీటర్ల గ్యాస్ దూరితే ఒత్తిడి ఉన్నపళంగా 30 పీఎస్ఐ పెరుగుతుంది. పీపా తట్టుకునేది 12. మిగతాదంతా భద్రతా వాల్వు నుంచి గాలిలో కలిసిపోతుంది. బీరులో కరగడానికి దానికి సమయమే ఉండదు, ఎందుకంటే గ్యాస్ బీరులో కరగడానికి గంటలు కాదు, రోజులు పడుతుంది. చప్పటి బీరును బల్బులతో బాగుచేయడం ఎందుకు కుదరదో దీన్నిబట్టే తెలుస్తుంది. 23 లీటర్ల బీరుకు ఒక్క వంతు గ్యాస్ పెంచాలన్నా 45 గ్రాములు కావాలి, అంటే ఒక్క చుక్కా వృథా పోకుండా దాదాపు ఆరు బల్బులు. అంత డబ్బుతో ఏళ్లకు సరిపడా చక్కెర కొనుక్కోవచ్చు.

అదే బల్బును పీపా సగం ఖాళీ అయ్యాక, పైన 12 లీటర్ల చోటున్నప్పుడు ఎక్కిస్తే ఒత్తిడి 5 పీఎస్ఐ మాత్రమే పెరుగుతుంది. వాల్వు కిక్కురుమనదు, గ్యాస్ అంతా లోపలే నిలుస్తుంది. బల్బు అదే, పీపా అదే, కానీ ఎక్కించిన సమయాన్నిబట్టి ఫలితం ఇంత మారుతుంది.

కాబట్టి మొదటి 12 నుంచి 15 పింట్లు బీరు తన సొంత ఒత్తిడితోనే బయటికి రావాలి. ఒకే సాయంత్రం ఏడెనిమిది పింట్లు లాగితే ధార సన్నబడవచ్చు. వెంటనే బల్బు కోసం పరుగెత్తకండి. రాత్రంతా వదిలేస్తే బీరులో కరిగి ఉన్న గ్యాస్ కొంత పైకి వచ్చి, తెల్లారేసరికి ఒత్తిడి మళ్లీ పుంజుకుంటుంది. అతిథులు గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంటే తెల్లారే దాకా ఆగడం కష్టమే, ఒప్పుకుంటాను. ఆ ఒక్క సందర్భంలో బల్బు వాడినా తప్పు లేదు.

పోసేటప్పుడు ట్యాపును పూర్తిగా తిప్పండి. సగం తిప్పితే ఆ ఇరుకు దారిలో బీరు చెదిరి గ్లాసంతా నురగ అవుతుంది. అడుగు ట్యాపు పీపాలో మొదటి అరగ్లాసు మడ్డిగా వస్తుంది, పారబోయండి.

బల్బు ఎక్కించే పద్ధతి

ధార పెన్సిలంత లావు నుంచి దారమంత సన్నబడినప్పుడు గ్యాస్ అవసరమైనట్టు. ట్యాపులో గుటగుటమని శబ్దం వచ్చిందంటే ఆలస్యమైనట్టే. ఆ గుటక ఒక్కోసారి ఒక్కో గుప్పెడు గాలిని లోపలికి పీల్చుకుంటుంది. గాలితోపాటు ఆక్సిజన్ వస్తుంది, దాని వెనకే బీరును పులుపెక్కించే బ్యాక్టీరియా వస్తుంది. పబ్బుల్లో గాలి తగిలే పీపాను తెరిచాక మూడు రోజుల్లో ఖాళీ చేయాలని చూసేది ఇందుకే. మీ పీపా నెల రోజులు నిలవాలంటే ఆ గుటక వినబడకూడదు.

ముందు ట్యాపు పూర్తిగా మూసి ఉందో లేదో చూడండి. బల్బును హోల్డర్‌లో మెడ బయటికి, అంటే సూది వైపు ఉండేలా పెట్టండి. హోల్డర్‌ను వాల్వు మీద మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట తగిలినట్టు ఆగుతుంది. సూది బల్బు మూతిని తాకింది అక్కడే. చేతికి గుడ్డ చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పి, అక్కడి నుంచి ఒకే ఊపులో గట్టిగా తిప్పండి. మెల్లమెల్లగా తిప్పితే సూది సగం పొడిచి, గ్యాస్ మరల సందుల నుంచి బయటికి పోతుంది. సరిగ్గా పడితే చిన్న బుసతో రెండు మూడు సెకన్లలో బల్బు ఖాళీ అవుతుంది. లోపలి ద్రవం ఒక్కసారిగా ఆవిరవడంతో ఉక్కు మీద తెల్లగా మంచు కడుతుంది. ఉత్త వేళ్లతో పట్టుకుంటే చర్మం అంటుకుపోయి బొబ్బలెక్కుతుంది, గుడ్డ అందుకే.

ఒకసారి పొడిచాక బల్బును మధ్యలో ఆపే వీలు లేదు. బెదిరిపోయి సగంలో హోల్డర్ విప్పితే బల్బు చేతిలోంచి ఎగిరిపడుతుంది. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఉంచి, ఒక నిమిషం ఆగి విప్పండి. అప్పటికి వాల్వు రబ్బరు కూడా చలి వదిలి మెత్తబడుతుంది. గడ్డకట్టినట్టు బిగుసుకున్న రబ్బరు రంధ్రానికి సరిగా అతుక్కోదు. బల్బు ఎక్కించిన వెంటనే వాల్వు కాసేపు బుసకొట్టడానికి చాలాసార్లు ఇదే కారణం. ఒకటి ఎక్కించగానే వెంటనే రెండోది ఎక్కించే పని ఎప్పుడూ పెట్టుకోకండి.

ఆ తర్వాత ప్రతి ఐదారు పింట్లకు ఒక బల్బు పడుతుంది. మొత్తం పీపాకు నాలుగైదు. అంతకు మించి పడుతున్నాయంటే ఎక్కడో లీకు ఉంది.

బీరు పులిసేటప్పుడు వచ్చే గ్యాస్‌ను తలుచుకుంటే మాత్రం ఈ బల్బులు కొనడానికి మనసొప్పదు. 23 లీటర్ల మామూలు బిట్టర్ పులిసేటప్పుడు బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 800 గ్రాములు, అంటే నూరు బల్బులంత. అదంతా ఊరికే గాలిలో కలిసిపోతుంది. జోసెఫ్ ప్రీస్ట్లీ 1767లో లీడ్స్ నగరానికి మతబోధకుడిగా వచ్చినప్పుడు ఆయన ఇంటి పక్కనే బీరు తయారీశాల ఉండేది. పులిసే తొట్లపై పరుచుకుని ఉన్న ఈ గ్యాస్ మీదే ప్రయోగాలు చేసి, దాన్ని నీళ్లలో కలిపి సోడానీళ్లు తయారుచేసే పద్ధతిని ఆయన 1772లో ప్రచురించాడు. ఆయన ఆ గ్యాస్‌ను తొట్టి పైనుంచే పట్టుకున్నాడు, మనం దుకాణంలో కొనుక్కుంటున్నాం.

బల్బులకు బదులు సిలిండర్

ఏడాదికి మూడు నాలుగు పీపాలకు మించి చేస్తే ఎస్30 రకం చిన్న సిలిండర్ చవకగా పడుతుంది. ఖాళీ అయితే బ్రూయింగ్ సామాను అమ్మే దుకాణంలో ఇచ్చి నిండినది తెచ్చుకోవచ్చు. దానికి వేరే వాల్వు కావాలి, మీ మూతకు సరిపడేదో కాదో అడిగి కొనండి. దీనిలో ఉన్న సుఖం మోతాదు మన చేతిలో ఉండడం. సిలిండర్‌ను వాల్వు మీద తిప్పితే బుస మొదలవుతుంది, ఒకటి రెండు సెకన్లకే వెనక్కి తిప్పేయాలి. ధార చూసి చాలకపోతే మరో సెకను ఇవ్వండి. గ్యాస్ ఎంత పోయిందో చూపే మీటరు ఏదీ ఉండదు కనుక చెవితోనే కొలుచుకోవాలి. భద్రతా వాల్వు బుస వినబడిందంటే ఎక్కువైనట్టు.

పబ్బుల్లో వాడే పెద్ద సిలిండర్‌ను మాత్రం రెగ్యులేటర్ లేకుండా ప్లాస్టిక్ పీపాకు కలపడం ప్రాణాంతకం. గది వేడిమిలో ఆ సిలిండర్ లోపలి ఒత్తిడి 57 బార్లు, అంటే 800 పీఎస్ఐకి పైమాట. పీపా సంగతి 12 పీఎస్ఐ అని చెప్పుకున్నాం. పెద్ద సిలిండర్‌ను కిటికీ లేని చిన్న గదిలోనూ పెట్టకండి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువైనది, కారితే నేల మీదే పేరుకుంటుంది. బల్బుల విషయంలో ఈ భయం లేదు, వాటిని ఎండలో నిలిపిన కారులో వదలకపోతే చాలు.

1971లో పుట్టిన కామ్రా అనే బీరు ప్రియుల సంస్థ బయటి నుంచి గ్యాస్ ఎక్కించిన ఏల్‌ను (సంప్రదాయ బ్రిటిష్ బీరును) అసలైన ఏల్‌గా ఒప్పుకోదు. పబ్బులో రెండు మూడు రోజుల్లో ఖాళీ అయ్యే పీపాకు ఆ పట్టింపు సబబే. ఇంట్లో రోజుకు ఒకటి రెండు పింట్లు తాగేవారికి పీపా నెల రోజులు రావాలి. నా మటుకు గాలి తగిలి పులుపెక్కిన బీరు కన్నా గ్యాస్ తోసిన బీరే మేలు.

తేడా వస్తే

బీరు చప్పగా ఉంటే ముందు సబ్బునీళ్లు తీయండి. మూతా, వాల్వూ, ట్యాపూ మూడూ చూడండి. లీకు దొరికితే బాగుచేసి, 40 గ్రాముల చక్కెరను మరిగించిన నీళ్లలో కరిగించి చల్లార్చి పోసి, మూత బిగించి మళ్లీ వారం రోజులు వెచ్చటి గదిలో పెట్టండి. లీకు లేకపోతే పీపా ఉన్న గది మరీ చల్లగా ఉండి ఈస్టు పడుకుని ఉంటుంది. గది మారిస్తే చాలు.

గ్లాసంతా నురగే వస్తుంటే బీరు వెచ్చగా ఉందన్నమాట, లేదా చక్కెర ఎక్కువైందన్నమాట. రెండు రోజులు చల్లటి చోట ఉంచి చూడండి. అప్పటికీ తగ్గకపోతే భద్రతా వాల్వు రబ్బరును వేలితో కొద్దిగా పక్కకు లాగి ఒత్తిడి వదలండి. మూతను తిప్పి వదలాలని మాత్రం చూడకండి. 4 అంగుళాల మూత మీద 10 పీఎస్ఐ ఉంటే దాన్ని పైకి తోసే బలం 125 పౌండ్లు, అంటే 55 కిలోలు దాటుతుంది. మరలు వదిలిన క్షణంలో అది నేరుగా ముఖానికి వస్తుంది.

మనవాళ్లు చాలామంది అడిగేది లాగర్ గురించి. ఐసులా చల్లగా, గొంతులో గుచ్చుకునేలా ఉండే బీరు ఈ పీపాలో కుదరదు. లాగర్‌కు 2.5 వంతుల గ్యాస్ కావాలి. 12 డిగ్రీల దగ్గర దానికి దాదాపు 20 పీఎస్ఐ ఒత్తిడి పడుతుంది, పీపా తట్టుకోలేదు. పైగా 23 లీటర్ల పీపా ఫ్రిజ్‌లో పట్టదు. లాగర్ కావాలంటే సీసాల్లో నింపండి, లేదా డబ్బు పెట్టి కార్నీ కెగ్ అనే ఉక్కు పీపా, రెగ్యులేటర్ కొనుక్కోండి. పీపా బీరు మెత్తగా, పలుచని నురగతో, 12 డిగ్రీల చల్లదనంతో ఉంటుంది. ఇంటికి వచ్చే స్నేహితులకు ఆ సంగతి ముందే చెప్పి, పక్కన మిరియాల వేపుడు పెట్టండి. రెండో గ్లాసు వాళ్లే అడుగుతారు.

ఖాళీ అయ్యాక

చివరి రెండు పింట్లు మడ్డిగానే వస్తాయి. వాటి కోసం మరో బల్బు ఖర్చు పెట్టకండి. ట్యాపు తెరిచి ఒత్తిడంతా పోయిందని నిర్ధారించుకున్నాకే మూత విప్పండి. గోరువెచ్చని నీళ్లతో, సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న క్లీనర్‌తో కడగండి. మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకరపోయి ఇక మూత జన్మలో సరిగా కూర్చోదు. గరుకు పీచుతో తోమితే పడే గీతల్లో క్రిములు కాపురం పెడతాయి, మెత్తటి గుడ్డే వాడండి. ట్యాపు విప్పి దాని లోపలి మూలలు బ్రష్‌తో తోమండి, పాడైన బీరుకు సగంసార్లు కారణం అక్కడ ఎండిన పాత బీరే. వాల్వు రబ్బరు పట్టీలు తీసి కడిగి ఆరబెట్టి విడిగా ఒక డబ్బాలో వేయండి. కాడ మీదే నెలల తరబడి సాగదీసి ఉంచితే వదులైపోతాయి. పీపాను మూత తీసి బోర్లించండి. ఖాళీ బల్బులు ఉత్త ఉక్కు కనుక ఇనుప సామానుతోపాటు రీసైక్లింగ్‌కు ఇచ్చేయవచ్చు.